పీట మీద రెండో గుండ్రం

మా ఎదురింటి మోటారు మేస్త్రీ ఈసారి అమ్మవారి పూజ తానే చేస్తాడట అని తెలిసిన రోజు నేను పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయాను. అన్నీ పొంగి పోయాయి. పోతే పోయాయి, పాలు మళ్ళీ కొనుక్కోవచ్చు. అలాంటి వార్త మళ్ళీ దొరుకుతుందా?

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన దెప్పుతాడు. ఆయన నోట్లో నానేసిన నువ్వులన్నీ కక్కిస్తే గానుగ ఆడించుకోవచ్చు. ఇద్దరిలో ఒకరైనా మాట్లాడకపోతే కాపురం ఎలా సాగుతుంది? గ్యాసు సిలిండర్లు వేసే బండి నడుపుతాడాయన. పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి వస్తాడు, తిని మళ్ళీ వెళ్తాడు. ఎవరైనా ఏదైనా చెప్పి పంపితే ఆ మాట వరకే చెప్పి ఊరుకుంటాడు. ఎందుకన్నారు, ఏ మొహం పెట్టుకుని అన్నారు అని ఎంత గుచ్చి అడిగినా లాభం లేదు. సరే, ఇప్పుడు చెప్పేది ఆయన గురించి కాదు.

మేస్త్రీ గురించి. మార్కెట్టు వెనక సందులో ఆయన షాపు. కాలిపోయిన మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టి ఇస్తాడు. నీళ్ళ మోటారు, మిక్సీ, ఫ్యాను, ఏదైనా సరే. మనిషి దగ్గరికి వస్తే వార్నిష్ వాసన. ఒకసారి మా మిక్సీ తీసుకుని వెళ్ళాను. విప్పాడు. విప్పి, టార్చి లైటు వేసి, దానిలోకి చూస్తూ కూర్చున్నాడు. నాకు ఓపిక తక్కువ.

"కాలిపోయిందని నేనే చెబుతున్నా కదా మేస్త్రీ, ఇంకా ఏం చూస్తావు?" అన్నాను.

"ముందు పాత చుట్ట ఎలా చుట్టారో చూడాలి వదినగారూ. అది చూసుకోకుండా పీకేస్తే మళ్ళీ చుట్టేదెలా?"

ఆయన పని తీరు అది. తొందర లేదు, పుస్తకం లేదు. ఉన్న గుర్తులు చూసి, అవి ఎలా పడ్డాయో ఆలోచించి, మళ్ళీ అలాగే చేస్తాడు.

ఆయన భార్యను నేను చెల్లీ అని పిలిచేదాన్ని. మా మెట్లమీద ఉన్న ఇళ్ళన్నిటికీ తలలో నాలుకలా ఉండేది. పిల్లలు లేరు. కిందటేడాది ముందు ఏడు, జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. ఆ దెబ్బతో మేస్త్రీ మాట సగం తగ్గిపోయింది. చావు జరిగిన ఇంట్లో ఏడాదిపాటు పండుగలు ఉండవు కాబట్టి నిరుడు ఎవరూ ఏమీ అనుకోలేదు. ఈ ఏడు పండుగ దగ్గర పడుతుండగా మేస్త్రీ అక్కగారు ఊరినుంచి దిగింది. అందరూ పెద్దక్క అంటారు. చెయ్యి పెద్దది, గొంతు ఇంకా పెద్దది. ఊరక రారు మహానుభావులు అన్నట్టు, ఆవిడ వచ్చిన పని వేరే ఉంది. వాళ్ళ తలుపు తీసి ఉంది, మా తలుపూ తీసి ఉంది. విన్నాను. విననట్టు నటించడం నాకు రాదు.

"ఒరే, ఆడదిక్కు లేని ఇంట్లో అమ్మవారు ఎందుకురా? ఆ వెండి ముఖం, పీట, సామానంతా నా కోడలికి ఇచ్చెయ్. దీపమైనా పడుతుంది," అంది పెద్దక్క.

నేను మా గుమ్మం దాకా జరిగాను.

"ఈ ఒక్క పండుగా నన్ను చెయ్యనీ అక్కా. అది చేసినట్టే చేస్తాను. సరిగ్గా రాకపోతే నువ్వే తీసుకెళ్ళు."

"మగాడివి, నువ్వు పూజ చెయ్యడం ఏంట్రా?"

"నాకూ తెలీదు. ఆ రోజు పొద్దున ఈ గదిలో అది ఏం చేసేదో ఒక్కసారీ చూడలేదు. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి చూడలేదక్కా. ఇప్పుడైనా తెలుసుకోవాలి."

నా మనసు చివుక్కుమంది. ఎందుకంటే నేనూ చూడలేదు. పండుగ పొద్దున ఏ ఇంటి ఆడవాళ్ళు ఆ ఇంటి పూజలో ఉంటారు. సాయంత్రం పసుపు కుంకుమలకు ఒకరి ఇంటికి ఒకరం వెళ్తాం. అప్పటికి పూజ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇక మేస్త్రీ సంగతా, వార్నిష్ చేతులతో అడ్డమెందుకని ఆ రోజు తెల్లారకముందే షాపుకు వెళ్ళిపోయేవాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా వచ్చేవాడు కాదు. అంటే చెల్లి చేసిన పూజ చూసిన మనిషి ఈ లోకంలో ఒక్కరూ లేరు. ఊళ్ళో వాళ్ళ ఇళ్ళల్లో ఏం వండుకున్నారో చెప్పగల నాకు, ఎదురు గుమ్మం అవతల జరిగిన సంగతి తెలియదు. సిగ్గుచేటు కాదా?

మర్నాడు పిలవని పేరంటంలా వెళ్ళి కూర్చున్నాను. మేస్త్రీ పూజ సామాను మొత్తం నేలమీద పరిచి, చేతిలో టార్చి లైటు పట్టుకుని ఉన్నాడు.

"ఇది చూడండి వదినగారూ," అని అమ్మవారి చీర చూపించాడు. కలశానికి కట్టే చిన్న పట్టుచీర. ఏళ్ళ తరబడి ఒకేచోట కుచ్చిళ్ళు పెట్టడంతో మడత గీతలు చీరలోనే నిలిచిపోయాయి. వాటి వెంట మడుచుకుంటూ పోతే కుచ్చిళ్ళు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. పిన్ను గుచ్చిన చోట సన్నగా తుప్పు మరక. అక్కడే పిన్ను పెట్టాడు. గోడమీద మసి ఎంత ఎత్తులో పట్టిందో చూసి దీపం ఎక్కడ పెట్టాలో చెప్పాడు. గంట పిడి ఒకవైపే అరిగిందని, చెల్లి గంట ఎడమచేత్తో వాయించేదని తేల్చాడు. కుడిచేతిలో హారతి ఉంటుంది కదా మరి. నేను ముక్కున వేలేసుకున్నాను. దొంగలను పట్టేవాళ్ళకు కూడా ఇంత చూపు ఉండదు.

"ఇక్కడే ఆగిపోయాను," అంటూ పీట తిప్పాడు.

పీటమీద నడిమధ్య పెద్ద గుండ్రం. అది కలశం కూర్చున్న చోటు, అది నాకూ తెలుసు. దాని పక్కన కుడివైపు ఇంకో గుండ్రం ఉంది. కాస్త చిన్నది. తెల్లగా, పాలిపోయినట్టు ఉంది.

"దీపం కుంది అయి ఉంటుంది," అన్నాను.

"కాదు. నూనె జిడ్డు లేదు."

"పోనీ నీళ్ళ చెంబు."

"తడి మరక ఇలా ఉండదు వదినగారూ. ఇది వేడి మరక. బాగా కాగిన వస్తువు పెడితే కొయ్యమీద పాలిష్ ఇలా తెల్లబడుతుంది. ఒకసారి కాదు, ఏటా అక్కడే పెట్టింది."

అమ్మవారి పక్కన, అదే పీటమీద, వేడి వస్తువు ఏం పెడతారు? నైవేద్యం పీట కింద, ఆకులో పెడతాం. నాకు ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. మా ఆయన్ను లేపి అడిగాను. "పడుకో" అన్నాడు.

మేస్త్రీ మోటార్లలో వాడే గట్టి కాగితం తెచ్చి, ఆ గుండ్రానికి సరిగ్గా సరిపోయేలా బిళ్ళ కత్తిరించుకున్నాడు. అది పట్టుకుని తన ఇంట్లోని గిన్నెలన్నీ బోర్లించి చూశాడు. ఒక్కటీ కుదరలేదు. తర్వాత మా తలుపు దగ్గరికి వచ్చాడు.

"వదినగారూ, మీ గిన్నెల అడుగులు ఒకసారి చూడొచ్చా? ఆ రోజు మీ దగ్గర ఏదైనా అడిగి తీసుకుని వెళ్ళేదేమోనని."

నా గిన్నెల పైభాగం ఎవరొచ్చి చూసినా నాకు బెంగ లేదు. అడుగులంటే మాత్రం ఇల్లాలి గుట్టు. నాలుగు నల్లగా ఉన్నాయి, ఒకటి సొట్ట. అయినా మనసు చంపుకుని అన్నీ బోర్లించాను. బిళ్ళ పెడతాడు, తల ఊపుతాడు, తీస్తాడు. పాలగిన్నె పెద్దది, టీ గిన్నె చిన్నది. పై అంతస్తు, కింది అంతస్తు అన్నీ తిరిగాడు. మేస్త్రీకి మతి చలించిందని కొందరు నవ్వారు. నవ్విన ఒకావిడకు మెట్లమీదే నిలబెట్టి నాలుగు వడ్డించాను. మీ మొగుళ్ళలో ఒక్కడికైనా మీ గిన్నెలు ఎన్నో తెలుసా అని అడిగితే నోరు మూసుకుంది.

"ఒరే, ఏదో ఒకటి పెట్టెయ్. అమ్మవారు కొలత వేస్తుందా?" అంది పెద్దక్క. ఆమాట నాకూ నోటిదాకా వచ్చింది.

"అమ్మవారు వెయ్యదు. నాకు కావాలి," అన్నాడు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం కాదు మేస్త్రీ. తెలియనిది తెలియదు అంటాడు. అందుకే నాకు ఆయనమీద కోపం నిలవదు.

పండుగ రోజు వచ్చింది. నా పూజ నేను చేసుకున్నాను. తొందరగానే చేశానని అమ్మవారికీ నాకూ తెలుసు. హారతి పళ్ళెం దింపీ దింపగానే ఎదురింటికి పరిగెత్తాను. మేస్త్రీ స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, వంటింట్లో పప్పు కలుపుతున్నాడు. గరిటె అంచున కొంచెం తీసి నోటి దగ్గరికి తీసుకున్నాడు.

"ఆగు. నైవేద్యం వంట రుచి చూడకూడదు," అని గరిటె లాక్కున్నాను.

"చూడకపోతే ఎలా తెలుస్తుంది?"

"తెలియదు. అమ్మవారు తిన్నాకే మనం. ఆ మాత్రం తెలియదా?"

"ఎవరు చెప్పారు నాకు," అని పప్పు దింపేశాడు.

పూజ మాత్రం కళ్ళకు కట్టినట్టు చేశాడు. పీట కడిగి పసుపు రాసి, బియ్యం పోసి, కలశం పెట్టి, దానిమీద కొబ్బరికాయకు వెండి ముఖం కట్టాడు. చీర కుచ్చిళ్ళు చెల్లి చేత్తో పెట్టినట్టే ఉన్నాయి. మంత్రాలు రావు. చెల్లికీ రావు, ఆ సంగతి నాకు తెలుసు. "రామ్మా, కూర్చో. ఇల్లు నీదే. తప్పులుంటే పట్టించుకోకు," అన్నాడు మామూలుగా, షాపుకు వచ్చిన పెద్దావిడకు స్టూలు వేసినట్టు. ఎడమచేత్తో గంట, కుడిచేత్తో హారతి. పక్కన రెండో గుండ్రం ఉన్న చోట బియ్యం కూడా పొయ్యలేదు. అది అలాగే బోడిగా కనిపిస్తోంది.

"అక్కడ ఏమీ పెట్టలేదేం?" అన్నాను నెమ్మదిగా.

"తెలియలేదు కదా. తెలియనిచోట ఏదో ఒకటి ఎందుకు పెట్టడం?"

పెద్దక్క దండం పెట్టుకుని లేచింది. ఆవిడకు కూడా కళ్ళు చెమర్చాయి, నేను చూశాను. కాని మాట మాటే.

"బాగా చేశావురా, కాదనను. కాని అది చేసినట్టు రాలేదని నువ్వే అంటున్నావు. రేపు వెళ్ళేటప్పుడు ముఖం నాతో తీసుకెళ్తాను."

మేస్త్రీ తల వంచుకుని సరే అన్నాడు. ఆయనకు ఆ ఇంట్లో చెల్లి తాలూకు మిగిలింది అదొక్కటే. అది కూడా పెట్టెలో పడి ఊరు దాటిపోతుంది.

మధ్యాహ్నం మా ఆయన బండి ఆపి వచ్చాడు. మేస్త్రీ ఇంట్లోనే అందరికీ ఆకులు వేశాం. పెద్దక్క మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది, అయినా మింగేసింది. మా ఆయన కూడా ఒక ముద్ద తిన్నాడు.

"ఉప్పు లేదు," అన్నాడు.

ఇంటికి భోజనానికి పిలిచిన మనిషి దగ్గర, అదీ పండుగపూట, ఎవరైనా అలా అంటారా? మోచేత్తో పొడిచాను. మేస్త్రీ మాత్రం వడ్డిస్తున్న గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏమన్నావు అన్నయ్యా?"

"ఉప్పు లేదు అన్నాను. ఏటా ఈ రోజు నువ్వు నాతో చెప్పి పంపే మాటే కదా."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఏటా పండుగ మధ్యాహ్నం చెల్లి మా ఆయన చేతికి క్యారియర్ ఇచ్చేదట. బండి షాపు సందులోంచే వెళ్తుంది కదా, ఇచ్చి వచ్చేవాడట. మేస్త్రీ తిని, ఖాళీ క్యారియర్ తిరిగి ఇస్తూ, "ఉప్పు లేదని చెప్పు, ఆమాత్రం చూసుకోవద్దా" అనేవాడట. ప్రతి ఏడూ అంతే. ఆ రోజు వంట ఎందుకు అలా ఉంటుందో ఆయనకు తెలియదు. పండుగ హడావుడిలో మరిచిపోయిందని విసుక్కునేవాడు.

"అది నైవేద్యమా?" అన్నాడు మేస్త్రీ.

"నాకేం తెలుసు. క్యారియర్ అడుగున పసుపు, బియ్యం అంటుకుని ఉండేవి. బండి సీటంతా పసుపయ్యేది. తుడుచుకునేవాణ్ణి," అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. "వారం రోజులుగా ఈ మనిషి బిళ్ళ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"నన్నెవరూ అడగలేదు."

మేస్త్రీ అప్పటికే చెప్పులు వేసుకుని మెట్లు దిగుతున్నాడు. క్యారియర్ షాపులో ఉంది. చెల్లి పోయాక దానితో పని లేక, అందులో బోల్టులు, వాషర్లు పోసి పెట్టుకున్నాడు. రొప్పుతూ తెచ్చాడు. జేబులోంచి కాగితం బిళ్ళ తీసి క్యారియర్ అడుగున పెట్టాడు. సరిగ్గా అతుక్కుంది. ఒక్క వెంట్రుక వాసి కూడా తేడా లేదు.

షాపులో కష్టపడుతున్న మనిషికి పెట్టే అన్నం చెల్లి ముందు అమ్మవారి పక్కన, అమ్మవారితో సమానంగా పీటమీద పెట్టేది. తర్వాత అది పంపేది. తనకు తిరిగి వచ్చేది ఉప్పు లేదన్న మాట.

"అన్నయ్యా, నేనన్న మాట చెప్పినప్పుడు అది ఏమనేది?"

మా ఆయన కాసేపు గుర్తు తెచ్చుకున్నాడు. "ఏమీ అనేది కాదు. తిన్నాడా అని అడిగేది. తిన్నాడమ్మా అనేవాణ్ణి. సరే అనేది."

మేస్త్రీ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "ఒక్కసారి చెప్పొచ్చు కదా వదినగారూ. ఇది ప్రసాదం అని ఒక్క మాట."

నాకు జాలి వేస్తే కోపం వస్తుంది, అది నా జబ్బు. "చెబితే ఏం చేసేవాడివి? షాపు కట్టేసి ఇంటికి వచ్చి కూర్చునేవాడివా?"

మేస్త్రీ మోటారులోకి చూసినట్టు నేలకేసి చూస్తూ ఆలోచించాడు.

"లేదు," అన్నాడు చివరికి. "వచ్చేవాణ్ణి కాదు. పని ఉందనేవాణ్ణి."

అలా అని ఏడ్చాడు. పోయిన రోజున కూడా ఆయన ఏడవగా నేను చూడలేదు.

కాసేపటికి లేచి, క్యారియర్ కడిగి, పప్పు గిన్నె దగ్గరికి వెళ్ళాడు. పెద్దక్క అడ్డం వచ్చింది. నాకు భయం వేసింది, ఇప్పుడు కూడా ఈవిడ తగువు పెట్టుకుంటుందా అని.

"ఒకసారి నివేదన అయిపోయినది మళ్ళీ పెట్టకూడదురా. తప్పుకో, బియ్యం కడుగుతాను," అంది. కొంగు బిగించి పొయ్యి వెలిగించింది. నేను కూర తరిగాను. ఉడుకుతున్న పప్పు ముందు నిలబడి ఆవిడ నాతో, మేస్త్రీకి వినబడకుండా అంది. "ముఖం ఇక్కడే ఉంటుంది. నా కోడలు దీపం పెడుతుంది కాని, ఇంత చెయ్యదు."

గరిటెలో పప్పు తీసి చూసి, మళ్ళీ గిన్నెలోనే వేసేసింది. నోటికి తగలనివ్వలేదు.

పొగలు కక్కుతున్న క్యారియర్ తెచ్చి మేస్త్రీ కలశం పక్కన పెట్టాడు. హారతి ఇచ్చాడు. తర్వాత అది మా ఆయన చేతికి ఇచ్చాడు.

"షాపుకి పట్టుకురా అన్నయ్యా. నేను అక్కడ ఉంటాను."

"నువ్వే పట్టుకెళ్ళొచ్చు కదా," అన్నాడు మా ఆయన.

"అది అలా పంపేది కాదు కదా," అని మేస్త్రీ ముందు వెళ్ళిపోయాడు.

నాకు వెళ్ళాలని ఎంతగా ఉందో చెప్పలేను. సిలిండర్ల మధ్య కూర్చునైనా వెళ్ళి, ఆ మనిషి ఎలా తింటాడో చూడాలని మనసు పీకేసింది. వెళ్ళలేదు. కొన్ని చూడకూడదని నాకు కూడా అనిపిస్తుంది, ఎప్పుడో గాని.

సాయంత్రం పసుపు కుంకుమలకు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. పెద్దక్క బొట్టు పెడుతోంది. అందరూ చీర కుచ్చిళ్ళు చూసి ఎవరు కట్టారని అడుగుతున్నారు. అప్పుడు మా ఆయన మెట్లెక్కి వచ్చాడు. చేతిలో ఖాళీ క్యారియర్. గుమ్మం దగ్గర ఆగాడు. నా వైపు చూడలేదు, పెద్దక్క వైపూ చూడలేదు. ఏటా చెల్లి నిలబడి ఉండే చోటు కాబోలు, లోపల తలుపు పక్కన, అక్కడికి చూస్తూ చెప్పాడు.

"తిన్నాడమ్మా. బాగుందని చెప్పమన్నాడు."